పొగ అలారాల మూట

"మెల్లగా విప్పవే, చర్మం కట్టుకి అంటుకుందేమో!" అంది అత్తగారు, మంచం అంచున కూర్చుని చిన్నకోడలి మోచెయ్యి పట్టుకుని.

పెద్దకోడలు ఊపిరి బిగబట్టి కట్టుగుడ్డ చివర లాగింది. చిన్నకోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ, అమ్మా అని కూడా అనలేదు. కుడిచెయ్యి వేళ్ళ దగ్గర్నుంచి మణికట్టు దాకా ఎర్రగా, అక్కడక్కడ తెల్లగా ఉబ్బి ఉంది. బుధవారం కాలింది. ఇవాళ శుక్రవారం.

"ఏ మహాతల్లి పారేసిందో గానీ, దాని చేతులు పడిపోను" అంది అత్తగారు. "పొగ అలారాన్ని తీసుకెళ్ళి చెత్తలో వేస్తారా ఎవరన్నా? ఇంట్లో మనుషులున్నారా, గొడ్లున్నాయా? దాని ఇంట్లో ఇలాగే కాలితే తెలిసొస్తుంది."

పెద్దకోడలు తల ఎత్తకుండా మందు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"పోనీలెండి అత్తయ్యా" అంది చిన్నకోడలు కళ్ళు తెరవకుండానే. "తెలియక వేసి ఉంటారు."

"తెలియకా? నువ్వు చెత్త వేరుచేసే షెడ్డులో చేరిన దగ్గర్నుంచి, ఏది ఏ డబ్బాలో వెయ్యాలో చెప్పి చెప్పి మా చెవులు తూట్లు పడ్డాయి. నాకే తెలిసింది. లోకానికి తెలియదా?"

గుమ్మంలో పెద్దకోడలి మరిది, చిన్నకోడలి మొగుడు, నిలబడి ఉన్నాడు, బస్సు డ్రైవరు యూనిఫాంలో. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. రెండు రోజులుగా అతనికి నిద్ర లేదు.

"పదకొండింటికి విచారణట" అన్నాడు భార్యతో. "సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. తప్పు నీదే అంటున్నాడు. చెత్త కదిలే బెల్టు మీద పొగ కనపడితే ముందు దాన్ని ఆపే ఎర్ర బటన్ నొక్కాలట, నొక్కి దూరంగా జరగాలట. నువ్వు నొక్కకుండా చెయ్యి పెట్టావట. రూలు తప్పిన మనిషిని ఉంచుకోలేం అంటున్నాడు."

చిన్నకోడలు కాలిన చేతి వైపు చూసుకుంది.

"ఎనిమిదేళ్ళ నుంచి చేస్తున్నావ్. కొత్తగా చేరినవాళ్ళకి ఆ బటన్ సంగతి నేర్పేది నువ్వు. మరి ఎందుకు నొక్కలేదు?"

"తోచలేదు."

"తోచకపోవడమేంటి?"

"తోచలేదంటే తోచలేదు! ఎన్నిసార్లు అడుగుతారు?"

అతను గుండీలు సరిచేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను పదకొండింటికి వస్తాను. నా ట్రిప్పు ఇంకొకతను తీసుకుంటానన్నాడు" అన్నాడు. పెద్దకోడలి వైపు తిరిగి, "వదినా, నేను వచ్చేదాకా కాస్త దీన్ని చూసుకో. నువ్వున్నావు కాబట్టి నాకు ధైర్యం" అన్నాడు.

పెద్దకోడలు తలూపింది. అంతకంటే ఏం చెయ్యగలదు? అన్నదమ్ముల్లో పెద్దవాడు, ఆవిడ మొగుడు, లిఫ్టులు బిగించే పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. అతనుంటే ఈపాటికి ఆవిడ మొహం చూసి పసిగట్టేసేవాడు.

*

పెద్దకోడలు ముందు గదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చుంది గానీ, కాళ్ళు ఆడటం లేదు. కుడి వైపు కుట్టాల్సిన చొక్కా చెయ్యి ఎడమ వైపు కుట్టేసింది. విప్పింది. మళ్ళీ అటే కుట్టింది.

ఆ బల్ల మీదే కదూ సోమవారం ఆ రెండూ పడి ఉన్నాయి.

ఇంటి యజమాని కొత్త పొగ అలారాలు పంపించాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి వంటింట్లో ఒకటి, నడవాలో ఒకటి బిగించి, పాతవి ఊడదీసి బల్ల మీద పెట్టి పోయాడు. తెల్లగా, అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బాలు. పదేళ్ళు పూర్తయి కాలం చెల్లాయి. చెల్లినందుకు గోల పెడుతున్నాయి. ఒకటి కీచుమంటుంది. కాసేపటికి రెండోది కీచుమంటుంది. అత్తగారు ఇంట్లోకి కీచురాళ్ళు దూరాయని చీపురు పట్టుకుని మంచాల కింద వెతికింది కూడా.

ఆ సాయంత్రం చిన్నకోడలు పని నుంచి వచ్చి వాటిని చూసింది. అప్పుడు గదిలో ఎదురింటి పళ్ళడాక్టరమ్మ ఉంది, కోటు కొలతలిస్తూ.

"అక్కా, వీటిని చెత్తలో వెయ్యకు. లోపల బ్యాటరీ అతికించేసి ఉంటుంది, బయటికి రాదు. లారీలో నలిగిందంటే నిప్పంటుకుంటుంది. విప్పకు, పగలగొట్టకు. ఇదిగో, వెనకాల చిన్న గాడి ఉంది చూశావా? స్క్రూడ్రైవర్ పెట్టి పక్కకి తిప్పితే నోరు మూస్తుంది. తిప్పేసి ఓ సంచిలో వేసి నా గది గుమ్మం దగ్గర పెట్టు. శనివారం మా షెడ్డు కౌంటర్లో ఇలాంటివి విడిగా తీసుకుంటారు. నేను పట్టుకెళ్తాను."

మంచి మాటే. మెత్తగానే చెప్పింది. కానీ పళ్ళడాక్టరమ్మ నవ్వి, "మీ ఇంట్లో చెత్త టీచరమ్మ ఉన్నారే! మీరు బాగా పాఠాలు నేర్చుకోవాలి" అంది.

ఆ మాట ముల్లులా దిగింది. ఊరందరి బట్టలూ కుట్టి ఇల్లు నిలబెట్టిన దాన్ని నేను. రోజంతా చెత్త ఏరి వచ్చే మనిషి, పదిమంది ముందూ నాకు పాఠం చెప్తుందా?

ఆ రాత్రి గడిచింది. మంగళవారం పొద్దున్న కూడా అవి కీచుమంటూనే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ సొరుగులోనే ఉంది. తియ్యలేదు. చెప్పినట్టు చేస్తే చెప్పించుకున్నట్టవుతుంది. రెండిటినీ కలిపి స్కూలు యూనిఫాం గళ్ళ గుడ్డ ముక్కలో గొంతు నొక్కినట్టు చుట్టి, అంచు పీలికతో ముడేసి, పొడి చెత్త డబ్బాలో అడుక్కి తోసేసింది. పైన పాత పేపర్లు కప్పింది. పదింటికి లారీ వచ్చి పట్టుకుపోయింది.

ఊళ్ళో పొడి చెత్తంతా ఆ షెడ్డుకే పోతుందని తెలియక కాదు. ఆ షెడ్డులో ఆ బెల్టు ముందు నిలబడేది ఎవరో తెలియక కాదు. ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. చూడదల్చుకోలేదు.

అలారాలు ఏవని చిన్నకోడలు అడగలేదు. అడిగేలోపే బుధవారం వచ్చింది.

"ఏమే, ఏడుస్తున్నావా?" అత్తగారు గ్లాసుతో వచ్చి నిలబడింది. "ఏడవకు. తోడబుట్టినదాని కంటే ఎక్కువగా చూసుకుంటున్నావ్ దాన్ని. నేనేదో మీ ఇద్దరికీ పడదనుకునేదాన్ని. మనిషి మనసు కష్టంలోనే కదా బయటపడేది."

పెద్దకోడలు గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది.

*

తొమ్మిదిన్నరకి చిన్నకోడలు ముందు గదిలోకి వచ్చింది, జాకెట్టు ఒక చేతికే తొడుక్కుని.

"అక్కా, హుక్స్ పెట్టవూ? ఒంటిచేత్తో రావటం లేదు."

పెద్దకోడలు లేచి పెట్టింది. ఒకటి, రెండు. మూడో హుక్కు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"అది పారేసింది నేనే" అంది.

చిన్నకోడలు జాకెట్టు అంచు సర్దుకుంది.

"విన్నావా? మన ఇంట్లోవే. నేనే చెత్తలో వేశాను."

"హుక్కు పెట్టు అక్కా."

"నీకు చెప్తున్నది వినపడుతోందా?"

"నాకు తెలుసు." చిన్నకోడలు కిటికీ వైపు చూస్తూ అంది. "బెల్టు మీద చూడగానే తెలిసింది. ఆ గళ్ళ గుడ్డ నీ దగ్గర తప్ప ఎక్కడుంది? ఆ ముడి ఇంకెవరు వేస్తారు? మూలన సన్నగా పొగ వస్తోంది. నలుగురూ చూసేలోపు తీసి పక్కన పడేద్దామని చెయ్యి పెట్టాను. చేతిలో ఉండగానే భగ్గుమంది."

"అందుకా బటన్ నొక్కలేదు?"

"నొక్కితే అందరూ వస్తారుగా."

పెద్దకోడలు మిషన్ అంచు పట్టుకుంది. "నన్ను కాపాడదామని..."

"నిన్నా?" చిన్నకోడలు గిర్రున తిరిగింది. అప్పటిదాకా లేని కోపం ఒక్కసారిగా మొహంలోకి పొంగింది. "అంత పెద్ద మనసు నాకెక్కడిది? నన్ను కాపాడుకుందామని. ఊరందరికీ నీతులు చెప్పే మనిషి ఇంట్లోంచే వచ్చిందని తెలిస్తే షెడ్డులో తలెత్తుకోగలనా? ఎందుకు చేశావక్కా? నేను మరీ మరీ చెప్పాను. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పమన్నాను. అర నిమిషం పని!"

మర్చిపోయానని అనొచ్చు. అత్తయ్య తోసేసిందని అనొచ్చు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి.

"డాక్టరమ్మ ముందు చెప్పావుగా" అంది పెద్దకోడలు. "నీ మాట వినాలంటే నామోషీ అనిపించింది."

లోపల అత్తగారు కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతున్న శబ్దం, ఆగిన శబ్దం.

"ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది" అంది చిన్నకోడలు చివరికి. "మర్చిపోయావనుకున్నాను. రెండు రోజులుగా అదే అనుకుంటూ బతికాను."

పెద్దకోడలికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

ఉన్నట్టుండి చిన్నకోడలు తలెత్తింది. "ఆగు. రెండోది ఎక్కడ పెట్టావ్?"

"ఎక్కడ పెట్టడమేంటి? రెండూ ఆ మూటలోనే."

"మూటలో ఒక్కటే ఉంది. గుడ్డ చిరిగి ఉంది ఓ పక్క." చిన్నకోడలి మొహం తెల్లబోయింది. "అంటే రెండోది జారి ఆ లోడులోనే పడింది. మంట ఆర్పడానికి నీళ్ళు కొడితే కాగితాలన్నీ తడిశాయని రెండు రోజులు ఆరబెట్టారు. ఇవాళ పదింటికి ప్రెస్సులో వేసి గట్టిగా నొక్కి బేళ్ళు కడతారు. ప్రెస్సు దగ్గర ఇద్దరుంటారక్కా! ఫోన్ చెయ్యి."

"నేనా?"

"నాకు చెయ్యుందా నొక్కడానికి? చెయ్యి!"

పెద్దకోడలు నంబరు నొక్కింది. అవతల యంత్రాల హోరు, మధ్యలో సూపర్‌వైజరు గొంతు.

"ప్రెస్సు ఆపండి" అంది. "బుధవారం లోడులో ఇంకొక పొగ అలారం ఉంది. నొక్కకండి."

"ఎవరు మాట్లాడేది?"

చిన్నకోడలు ఆవిడ వైపే చూస్తోంది. అవుననీ అనదు, వద్దనీ అనదు.

"పారేసిన మనిషిని" అంది పెద్దకోడలు.

*

ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా పెద్దకోడలు ఆ షెడ్డు గేటు దాటలేదు. తోటికోడలు టిఫిన్ డబ్బా మర్చిపోయిన రోజు కూడా కాపలావాడికిచ్చి వెనక్కి తిరిగింది.

ఇవాళ లోపల బెల్టు ఆగి ఉంది. ఆవరణలో ఎండలో ముప్పైమంది దాకా నిలబడి ఉన్నారు, ఆకుపచ్చ కోట్లు తొడుక్కుని, గ్లౌజులు నడుముకి దోపుకుని. పనులన్నీ ఆగిపోయాయి. మధ్యలో కాగితాల గుట్ట పరిచి, నలుగురు పొడుగాటి కర్రలతో కొద్దికొద్దిగా లాగుతున్నారు. ఓ పక్క ఇసుక బకెట్లు పెట్టుకున్నారు.

చిన్నకోడల్ని చూడగానే నెరిసిన జుట్టు ముసలామె ఒకతె పరిగెత్తుకొచ్చింది. "చెయ్యి ఎలా ఉందే తల్లీ?" అని, పక్కనున్నావిడని చూసి మొహం చేటంత చేసుకుంది. "మీ అక్కేనా? ఎన్నిసార్లు చెప్పిందో మీ గురించి. ఈ కోట్లన్నిటికీ లోపలి జేబులు పెట్టాలని మీరేగా సలహా ఇచ్చింది? ఎంత సుఖంగా ఉన్నాయో."

అలాంటి సలహా ఇచ్చినట్టు పెద్దకోడలికి గుర్తులేదు. ఎప్పుడో అన్నం తింటూ విసుగ్గా అని ఉంటుంది. దాన్ని ఈ పిల్ల ఇక్కడికి మోసుకొచ్చి, మా అక్క చెప్పిందని చెప్పుకుంది.

"ఎవడో వెధవ ఇంకొకటి కూడా వేశాడట చూడండి" అంది ముసలామె. "ఫోన్ చేసి చెప్పిందట ఎవరో ఆడమనిషి. కనీసం అంత బుద్ధన్నా ఉంది."

"నేనే చేశాను" అంది పెద్దకోడలు. "వేసింది కూడా నేనే."

ముసలామె చెయ్యి ఆమె భుజం మీదే ఉంది. అది మెల్లగా కిందికి దిగింది. తిట్టినా బాగుండేది.

పెద్దకోడలు గుట్ట దగ్గరికి నడిచింది. "నాకూ ఓ కర్ర ఇవ్వండి."

"మీరు ముట్టుకోకూడదమ్మా" అన్నాడు కర్ర పట్టుకున్నతను. "నేర్చుకున్నవాళ్ళే చెయ్యాలి."

అలా చేతులు కట్టుకుని నిలబడింది, తన పాపాన్ని పరాయివాళ్ళు వెతుకుతుంటే. ప్రెస్సు నడిపే ఇద్దరూ దూరంగా గోడకి ఆనుకుని ఉన్నారు. ఒకతను ఇంకొకతనికి ఏదో జోకు చెప్తున్నాడు. అతను నవ్వుతున్నాడు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఆ నవ్వు ఏమయ్యేదో ఆలోచించలేకపోయింది.

"దొరికింది!"

ఓ పాత పుస్తకం అట్టల మధ్య ఇరుక్కుని ఉంది. ఒక అంచు లోపలికి నొక్కుకుపోయి, సన్నటి చీలిక. పొగ లేదు. కర్రతో మెల్లగా ఇసుకలోకి దొర్లించారు. సూపర్‌వైజరు వంగి చూసి, దానిమీద ఇంకొంచెం ఇసుక పోయించి, ఎవరూ దగ్గరికి పోవద్దని చెయ్యి ఊపాడు. అప్పుడు తిరిగి, "ఇద్దరూ ఆఫీసులోకి రండి" అన్నాడు.

*

ఆఫీసంటే ఓ రేకుల గది. బల్ల మీద రిజిస్టర్లు, గోడకి ఓ గడియారం. సూపర్‌వైజరు కోపిష్టి మనిషిలా లేడు. అలసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"మీరు ఫోన్ చెయ్యకపోతే ఇవాళ ఏమయ్యేదో మీకు అర్థమైందా?"

"అయింది."

"వచ్చి చెప్పారు, సంతోషం. అదే కాగితం మీద రాయండి. ఏం పారేశారు, ఎప్పుడు, ఏ ఇంటి నుంచి. కింద సంతకం."

"నేను రాస్తే ఈమె ఉద్యోగం ఉంటుందా?" అంది పెద్దకోడలు. "తప్పు నాది. చెయ్యి కాలింది ఈమెది. మళ్ళీ శిక్ష కూడా ఈమెకేనా?"

"ముందు రాయండి."

రాసింది. రాస్తుంటే తేలికపడుతుందేమో అనుకుంది. పొగ అలారాలు రెండు. మంగళవారం. చెత్తలో వెయ్యొద్దని చెప్పినా వినలేదు. వీధి పేరు, ఇంటి నంబరు. సంతకం.

సూపర్‌వైజరు చదివాడు. ఇంటి నంబరు దగ్గర కనుబొమలు ముడిచాడు. పక్కనున్న పనివాళ్ళ రిజిస్టరు తెరిచి వేలితో వెతికాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి, రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇది నీ ఇల్లే కదా?" అన్నాడు చిన్నకోడలితో.

చిన్నకోడలు తల దించుకుంది.

"బుధవారం ఆసుపత్రిలో నువ్విచ్చిన కాగితం ఇది. 'ఈ మూట ఎక్కడిదో నాకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు' అని ఉంది. చెత్తలో వెయ్యొద్దని చెప్పింది ఎవరు? నువ్వేనా?"

చిన్నకోడలు కట్టు అంచు సవరించుకుంది.

"బటన్ నొక్కకపోవడం పొరపాటు. పొరపాటుకి క్షమాపణ ఉంటుంది, నేనే పై వాళ్ళతో మాట్లాడదామనుకున్నాను. కానీ విచారణలో అబద్ధం..." అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నిజం నువ్వు అప్పుడే చెప్పి ఉంటే రెండోదాన్ని అప్పుడే వెతికేవాళ్ళం కదమ్మా."

పెద్దకోడలు బల్ల మీదికి వంగింది. తను రాసిన కాగితం వైపు చెయ్యి చాపింది. "అది నాకిచ్చెయ్యండి. వేరే రాస్తాను. ఇల్లు రాయను."

"సంతకం పెట్టిన కాగితం తిరిగివ్వను."

"అక్కా, ఊరుకో" అంది చిన్నకోడలు. అదే ఆవిడ ఆ గదిలో మాట్లాడిన మొదటి మాట.

అప్పుడే తలుపు తోసుకుని మరిది లోపలికి వచ్చాడు. నుదుటి మీద చెమట, చేతిలో బస్సు తాళాలు. వదినని చూసి అతని మొహం వెలిగింది.

"నువ్వొచ్చావా వదినా! బతికించావ్." అని సూపర్‌వైజరు వైపు తిరిగాడు. కూర్చోలేదు. "చూడండి సార్, నా భార్య రూలు తప్పి ఉండొచ్చు. కానీ అబద్ధం చెప్పే మనిషి కాదు. దాని చెయ్యి పనిచెయ్యకపోతే ఆ కాగితం నేను రాసిచ్చాను. అది చెప్తుంటే అక్షరం పొల్లు పోకుండా రాశాను. అందులో ఉన్నదానికి నాదీ పూచీ. కింద సాక్షి సంతకం కూడా నాదే, చూసుకోండి."

సూపర్‌వైజరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్దకోడలు రాసిన కాగితాన్ని అతని వైపు జరిపాడు.

మరిది నిలబడే చదివాడు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఓ చోట ఆగి, మళ్ళీ పైనుంచి చదివాడు. తాళాల గుత్తి చేతిలో కదలడం మానేసింది.

ముందు తనవైపే చూస్తాడనుకుంది పెద్దకోడలు. తిడతాడనుకుంది. తిట్టించుకోడానికి సిద్ధమై నిలబడింది. అతను ఆవిడ వైపు చూడనేలేదు. చూసింది భార్య వైపు.

"నా చేత రాయించావా?" అన్నాడు.